అన్న రివాల్వర్, నా చూపుడువేలు

జబ్బు అరికాళ్ల తిమ్మిరితో మొదలైంది. వానకాలంలో విరేచనాలు పట్టుకొని తగ్గిన కొద్ది రోజులకే వచ్చింది కనుక ఇంటిల్లిపాదీ దాన్ని నీరసమనే అనుకున్నాం. వారం తిరగకముందే మెట్లెక్కలేకపోయాను. చొక్కా గుండీలు నా భార్య పెట్టవలసి వచ్చింది. నల్లగొండలో చూసిన డాక్టరు మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో కొట్టారు. తడిసిన బిళ్ల మీద తుపాకి గుర్రం (వెనకనుంచి కొట్టి మందును పేల్చే చిన్న సుత్తి) పడినట్టు, దెబ్బ పడింది గాని కాలు కదలలేదు. ఆయన రెండో మోకాలు కూడా చూసి, ఆ సాయంత్రమే హైదరాబాద్ వెళ్లమన్నారు.

అక్కడ వెన్నునీరు తీసి పరీక్షించి గులియన్ బారే సిండ్రోమ్ అని తేల్చారు. 2025 మొదట్లో పుణెలో చాలామందికి వచ్చి పత్రికలకెక్కిన జబ్బు ఇదే. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు. ఒంట్లో చేరిన సూక్ష్మజీవి మీదికి లేచిన మన రోగనిరోధక శక్తే దారి తప్పి నరాల పైపొరను దెబ్బతీస్తుంది. కాళ్లనుంచి పైకి పాకి ఛాతీ కండరాలదాకా వస్తే ఊపిరి ఆడదు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. దాని ఖరీదు సంగతి ఇక్కడ రాయను. ఆస్పత్రి కోసం మడి అమ్ముకున్నవారికి చెప్పనక్కర లేదు.

ఒక్క ఊపిరితో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో నర్సమ్మ పూటపూటా చూసేది. ఆ అంకెలు తగ్గుతూ వచ్చిన రాత్రి నాకు అన్న గుర్తుకొచ్చాడు. 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో, ఆయన వెంటిలేటర్ మీదే పోయాడు. నాకు ఆ అవసరం రాకుండానే అంకెలు మళ్లీ పెరిగాయి.

అన్న నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. మా ఇద్దరికీ రివాల్వర్లంటే ప్రాణం. తుపాకి మాటెత్తితే మా జిల్లా పెద్దలకు 1946-51 నాటి సాయుధ పోరాటం గుర్తొచ్చి కథలు మొదలవుతాయి. మాకు మాత్రం మొదటినుంచీ దాని లోపలి యంత్రం మీదనే ధ్యాస. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో జమ చేసిన తన లైసెన్సు రివాల్వర్‌ను మేనమామ తిరిగి తెచ్చుకున్న రోజున, గుండ్లు తీసేసి దాన్ని అన్న చేతికిచ్చాడు. అన్న ఎవరి మీదికీ గురి పెట్టలేదు. గుర్రాన్ని మెల్లగా వెనక్కి లాగుతూ, లోపలి చిన్న కొక్కెం, గుండ్లు పట్టే గదులున్న సిలిండర్ వెనక పళ్లను నెట్టడం, అది ఒక గది మేర తిరగగానే కిందినుంచి మరో ముక్క లేచి గాడిలో పడి దాన్ని బిగించడం నాకు చూపాడు. "కాల్చుడు ఎవడైనా కాలుస్తడు తమ్మీ, ఇది తిరుగుడెట్లనో చూడు" అన్నాడు. పెద్దయ్యాక లైసెన్సుకు పెట్టుకుందామా అని నేనడిగితే, "ప్రాణభయం ఉన్నదని కలెక్టరుకు చెప్పాలె గదా, మనకు అప్పులోళ్లు తప్ప శత్రువులెవరున్నరు?" అని నవ్వాడు.

ఆయన దగ్గర రివాల్వర్ల బొమ్మలు గీసుకున్న నోట్‌బుక్ ఒకటి ఉండేది. 1836లో పేటెంటు పొందిన కోల్ట్, గుర్రం ఎత్తగానే సిలిండర్ ముందుకు జరిగి గొట్టానికి ఆనుకునే 1895 నాటి ఏడు గుండ్ల నాగాంట్, సిలిండర్ కుడివైపుకు తెరుచుకునే 1892 నాటి ఫ్రెంచి సైన్యపు రివాల్వర్, ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఆస్పత్రిలో ఒక పీజీ డాక్టరు, 1916లో ముగ్గురు ఫ్రెంచి వైద్యులు తమ సైనికులు ఇద్దరిలో ఈ జబ్బును గుర్తించి రాశారని చెప్పినప్పుడు, ఆ ఫ్రెంచి పేజీయే నా కళ్లముందుకొచ్చింది. ఆ మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల అధికారుల నడుములకు వేలాడిన రివాల్వర్ అదే. ఈ ముక్క చెబితే అన్న వైండింగ్ పని పక్కన పెట్టి వినేవాడు. అప్పటినుంచి డాక్టర్లు చెప్పిన ప్రతి విషయాన్నీ ఆయనకు చెబుతున్నట్టు వరుస పెట్టుకోవడం అలవాటైంది. భయపడడానికి అంత తీరిక దొరకలేదు.

ఇంటికి వచ్చాక ఫిజియోథెరపిస్టు మెత్తటి బంతి ఇచ్చి పిసకమన్నాడు. నాకది విసుగు పుట్టించింది. నా అవస్థ చూసి వదిన, అన్న బీరువాలోని బొమ్మ రివాల్వర్‌ను పంపింది. అది ఎనిమిది బిళ్లల ఎర్ర రింగు పట్టే దీపావళి బొమ్మే గాని, అన్న దాని కడుపు విప్పి గడియారపు స్ప్రింగు, అరగదీసిన సైకిల్ చువ్వ ముక్క పెట్టి సిలిండర్ నిజంగా తిరిగేట్టు చేశాడు. పగిలిన పిడికి వైండింగ్ టేపు చుట్టి ఉంది; వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

రివాల్వర్ తెలిసినవారికి రెండు రకాల లాగుడు తెలుసు. గుర్రాన్ని ముందే ఎత్తి పెడితే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది, చాలా రివాల్వర్లలో 2 కిలోల లోపు బలం చాలు. ఎత్తకుండా లాగితే సిలిండర్ తిప్పే పని, గుర్రం ఎత్తే పని కూడా వేలిదే, 5 కిలోలదాకా కావాలి. బొమ్మకు అంత అక్కరలేదు గాని తేడా తేడాయే. మొదట్లో అన్న కొడుకు గుర్రం ఎత్తి నా చేతిలో పెడితే, చూపుడువేలు వణుకుతూ ట్రిగ్గర్‌ను తాకి ఆగిపోయేది. కాళ్లకు నడక వచ్చి, చేతికి అన్నం కలుపుకోవడం వచ్చిన తరువాతనే ఆ వేలు దాన్ని వెనక్కి లాగింది.

ఇప్పుడు కుడిచేత్తో గుర్రం ఎత్తకుండానే లాగగలను. ఎడమచేత్తో ఇంకా రాదు. ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది, అది అట్లాగే ఉండిపోవచ్చునని డాక్టరు చెప్పారు. బొమ్మకు కాస్త నూనె వేస్తే సులువవుతుంది కదా చిన్నాయనా అని పిల్లవాడు అంటాడు. స్ప్రింగు సులువైతే నా వేలి సంగతి తెలియదని నేను ఒప్పుకోలేదు. వాడు నోట్‌బుక్ చదువుతున్నాడు. కోల్ట్ సిలిండర్ సవ్యదిశలో, స్మిత్ అండ్ వెసన్‌ది అపసవ్యదిశలో తిరుగుతుందని తండ్రి రాసింది చూసి, కోల్ట్ పోలికలతో ఉన్న మన బొమ్మ అపసవ్యంగా ఎందుకు తిరుగుతుందని నిలదీశాడు. అన్న పళ్లను ఎదురు వాలుకు అరగదీసి ఉంటాడు. విప్పి చూద్దామని వాడి పట్టు. స్క్రూడ్రైవర్ తిప్పే బలం నా చేతికి వచ్చేదాకా ఆగమన్నాను.