ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఎందుకు పోయేది? ఫైబర్ కనెక్షన్‌తో నా అనుభవం

మా ఇంట్లో కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, రౌటర్ కూడా ఇన్వర్టర్ మీదే నడుస్తుంది. నెట్ మాత్రం ఠక్కున పోయేది. నాకు మొదట అనుమానం వచ్చింది ఇక్కడే.

నేను ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగుల చార్టుల్లోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని. నెట్ ఓ పది సెకన్లు తడబడితే చాలు, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే వీపీఎన్ బయటికి తోసేస్తుంది. మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ, సగంలో ఉన్న చార్ట్ మళ్లీ మొదటి నుంచి. రోజువారీ టార్గెట్ ఉన్న ఉద్యోగంలో ఇది మామూలు టెన్షన్ కాదు. హాల్లో యూట్యూబ్ చూసే మావారికి ఇదేమీ తెలిసేది కాదు. వీడియో కొంత ముందే దింపుకుని పెట్టుకుంటుంది కాబట్టి చిన్న చిన్న కోతలు కనిపించవు. "నెట్ బానే ఉందిగా" అనేవారు. ఒళ్లు మండేది.

కంపెనీ బిల్లు మీద ఫైబర్, వాళ్ల కుర్రాళ్ల టీషర్టుల మీద ఫైబర్. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టించుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపండి మేడం." పంపితే 94 వచ్చేది. "వైఫై మీద అంతే వస్తుంది" అని కంప్లయింట్ క్లోజ్ చేసి మెసేజ్ పెట్టేసేవారు.

వైఫై అనే వంక లేకుండా చేద్దామని లాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపాను. అప్పుడూ 94, 95. అంతకు మించి ఒక్కసారి కూడా దాటలేదు. ఈ అంకెకి ఒక అర్థం ఉంది. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఒకటి అడ్డం కూర్చుంటే స్పీడ్ టెస్టులో సరిగ్గా ఈ మాత్రమే కనిపిస్తుంది. తర్వాత లాప్‌టాప్‌లో రెండు నల్ల విండోలు తెరిచి, ఒకదాంట్లో మా రౌటర్‌కి, ఇంకోదాంట్లో బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (ఉన్నావా అని పదేపదే పలకరించడం) పెట్టి వదిలేశాను. నెట్ పోయినప్పుడు రౌటర్ నుంచి జవాబులు ఒక మిల్లీసెకను తేడా లేకుండా వస్తూనే ఉండేవి. రెండో విండో నిండా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". అంటే ఇంటి లోపల గొడవేమీ లేదు, లోపం గోడ అవతలే. పోయిన టైములన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ పోయాను. వాన కురిసిన సాయంత్రాలు, కరెంటు కోతలు, పక్కన రాసిన టైములు చాలావరకు ఒకదానితో ఒకటి సరిపోయాయి.

వాచ్‌మన్‌ని తీసుకుని టెర్రస్ మీదికి వెళ్లాను. మాది మల్కాజ్‌గిరిలో పాత అపార్ట్‌మెంట్. లిఫ్ట్ రూమ్ గోడకి తుప్పు పట్టిన ఇనప డబ్బా, తాళం లేదు. లోపల నెట్‌ని ఫ్లాట్లకి పంచే చిన్న నెట్‌వర్క్ స్విచ్, దాని అడాప్టర్ కామన్ మీటర్ సాకెట్‌లో వేలాడుతోంది. జనరేటర్ లిఫ్టుకీ మోటారుకీ తప్ప ఆ సాకెట్‌కి ఇవ్వదు. డబ్బాలోకి సన్నటి నల్ల ఫైబర్, అంటే వెలుతురుని మోసే గాజు తీగ, ఒక్కటే వచ్చింది. బయటికి మాత్రం లోపల రాగి తీగలుండే బూడిద రంగు లాన్ కేబుళ్లు ఎండకి పెళుసెక్కిపోయి, పిట్టగోడ మీదుగా ఒక్కో ఫ్లాటుకీ దిగాయి. "పిడుగు పడ్డప్పుడల్లా ఒచ్చి పోర్టు మారుస్తరు మేడం" అన్నాడు వాచ్‌మన్, అదేదో మామూలు సంగతి అన్నట్టు.

మా కేబుల్ చివర చూస్తే ఇంకో విచిత్రం. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. నాలుగు మాకు, మిగతా నాలుగు పక్క ఫ్లాటుకి. ఒక కేబుల్‌తో రెండిళ్ల పని కానిచ్చారు. నాలుగు తీగలతో 100 దాకా నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. 200 ప్లాన్ అమ్మి, 100కి మించి మోయలేని తీగ వేశారన్నమాట. 94 గుట్టు అక్కడ విడిపోయింది.

టెక్నీషియన్‌ని పిలిచి అడిగాను. పాపం కుర్రాడు అబద్ధం చెప్పలేదు. "అక్కా, గల్లీ దాకా ఫైబరే, మీ బిల్డింగ్ మీద డబ్బా దాకా గూడ ఫైబరే. ఆడికెల్లి లాన్ వైరు." అంటే గాజు తీగ టెర్రస్ దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత రాగి, దానికి తోడు కరెంటు ఉంటే తప్ప బతకని స్విచ్.

ఇలా అమ్మడం చట్టానికి విరుద్ధమా అని వెతికాను. మన దగ్గర 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చి, డౌన్‌లోడ్ కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలన్నారు. అంతకు ముందు అది 512 కేబీపీఎస్. ఆ నిర్వచనం చూసేది వేగాన్నే, తీగ గాజుదా రాగిదా అన్నది దానికి పట్టదు. బ్రిటన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుని కదిపితే అక్కడా ఇదే తంతు ఏళ్ల తరబడి నడిచిందట. వీధి చివర పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి పాత టెలిఫోన్ రాగి తీగ, పేరు మాత్రం ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్. తీగ ఇంటి దాకా గాజుదైతే తప్ప ఉత్త ఫైబర్ అని చెప్పుకోవద్దని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాయి. ఇటలీలో 2018లోనే రంగు గుర్తులు పెట్టారు: ఇంటి దాకా గానీ బిల్డింగ్ దాకా గానీ ఫైబర్ అయితే ఆకుపచ్చ, వీధిలోనే ఆగి రాగి కలిస్తే పసుపు, అసలు లేకపోతే ఎరుపు. బ్రిటన్ లాంటి నియమం మనకూ ఉంటే నాకు టెర్రస్ ఎక్కే పని తప్పేది.

గుంటూరు జిల్లాలో మా అమ్మవాళ్లకి ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లోనే, 149 రూపాయల ప్లాన్ ఉన్న రోజుల్లో, కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగే నేరుగా ఇంట్లోకి వచ్చింది. ఇక్కడ రాజధాని నగరంలో నాకు టెర్రస్ దాకే!

కంపెనీ మార్చాలనుకున్నాక ఈసారి స్పీడ్ ఎంత అని అడగలేదు. ఇంట్లోకి వచ్చే వైరు ఏది, లోపల పెట్టే డబ్బా మీద పాన్ (ఫైబర్ సిగ్నల్ ఉందని చెప్పేది), ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పేది) అనే లైట్లు ఉంటాయా అని అడిగాను. కాల్ సెంటర్ అమ్మాయి "హండ్రెడ్ పర్సెంట్ ఫైబర్ మేడం" దగ్గరే ఆగిపోయింది. మా వీధి లైన్‌మన్ మాత్రం వెంటనే "జీపాన్ అక్కా, ఓఎన్‌టీ పెడ్తం" అన్నాడు. నాకు కావాల్సిన జవాబు అదే. జీపాన్ అంటే గాజు తీగ ఇంటి దాకా వచ్చే పద్ధతి, ఓఎన్‌టీ అంటే ఆ వెలుతురుని ఇంట్లో నెట్‌గా మార్చే డబ్బా. జీపాన్‌లో మధ్యలో ఉండేది స్ప్లిటర్. ఒక గాజు తీగలోని వెలుతురుని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది, దానికి కరెంటుతో పనే లేదు. అవతల ఎక్స్ఛేంజీలో బ్యాకప్, ఇవతల నా ఇన్వర్టర్ ఉంటే వీధంతా చీకటైనా నెట్ నడుస్తుంది. కనెక్షన్ వచ్చాక మొదటి కరెంటు కోతలోనే అది చూశాను.

ఆ సుఖం ఎంతో కాలం లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీద వేలాడే కేబుళ్లని కోసేయడం మొదలైంది. మాదీ పోయింది. అంత ఘోరం జరిగాక ఎందుకు కోశారని అడగడానికి నోరు రాదు. లైన్‌మన్ హడావుడిగా వచ్చి, తెగిన చోట క్లిప్ జాయింట్ వేసి, టేపు చుట్టి వెళ్లిపోయాడు. నెట్ వచ్చింది గానీ పాన్ లైటు అప్పుడప్పుడూ ఆగి ఆగి వెలిగేది, వీపీఎన్ పాత కథ మళ్లీ మొదలుపెట్టింది.

ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. తీగలోంచి అందే వెలుతురు ఎంతో అది చెబుతుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ. కనెక్షన్ ఇచ్చినరోజు ఫోటో తీసి పెట్టుకున్నాను, అప్పుడు మైనస్ 20. ఇప్పుడు మైనస్ 27. ఏడు డెసిబెల్స్ తేడా అంటే వెలుతురు దాదాపు ఐదో వంతుకి పడిపోయినట్టు. మైనస్ 27 దగ్గర మామూలు ఓఎన్‌టీలు అంచున నిలబడి ఉంటాయి, ఇంకాస్త తగ్గితే పడిపోతాయి. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. స్పీడ్ టెస్ట్ అడగకుండా మనిషిని పంపడం అదే మొదటిసారి.

వచ్చినతను తీగ ఊడదీసి పవర్ మీటర్‌కి పెట్టాడు. మైనస్ 27. ఊరికే గాలి కోసం మా అత్తగారు స్లైడింగ్ కిటికీ తెరిచారు. అంకె మైనస్ 24కి వచ్చింది. అతను తల ఎత్తి, "అమ్మా, ఒక్కసారి మూయండి" అన్నాడు. మళ్లీ 27. తెరిస్తే 24. తీగని ఆ కిటికీ సందులోంచే లోపలికి తెచ్చారు, తలుపు వేసిన ప్రతిసారీ అది మడత పడి నలుగుతోంది. గాజు తీగ వంపు తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగితే వెలుతురు అక్కడే బయటికి కారిపోతుంది. గోడకి డ్రిల్లుతో రంధ్రం వేసి తీగని అటు మార్చాడు. మిగతా నష్టం స్తంభం దగ్గరి టేపు జాయింట్‌ది. స్ప్లైసింగ్ మెషీన్ తెప్పించి, నిచ్చెన వేసి, రెండు కొసలూ కరిగించి అతికించాడు. చివరికి మీటర్ మైనస్ 20.4 చూపించింది. అప్పటి నుంచి వీపీఎన్ దానంతట అది తెగలేదు.

పాత కంపెనీ దగ్గర ఇరుక్కున్న డబ్బు సంగతి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ కాల్ సెంటర్‌లో డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోవాలి, అక్కడ తేలకపోతే వాళ్లలోనే అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. డాకెట్ నంబర్లూ, నోట్‌బుక్ పేజీలూ, టెర్రస్ డబ్బా ఫోటో, 94 స్క్రీన్‌షాట్లూ కలిపి అప్పీలు మెయిల్ పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పి ఆ నంబరు అదే మెయిల్‌లో జోడించాను. మిగిలిన నెలల డబ్బులోంచి ఇన్‌స్టలేషన్ ఛార్జీ అంటూ కొంత కోసుకుని తక్కినది అకౌంట్‌లో వేశారు. రౌటర్ తిరిగి ఇవ్వాలని మెయిల్‌లో గట్టిగానే రాశారు గానీ, తీసుకెళ్లడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.