లేక్ ఫోర్క్‌లో కయాక్‌పై బాస్ వేట: మార్చి నెల నోట్సు

డల్లాస్‌కు తూర్పున, కారులో సుమారు గంటన్నర దూరంలో ఉన్న లేక్ ఫోర్క్ దాదాపు 27,000 ఎకరాల జలాశయం. నీళ్లు నింపేటప్పుడు చెట్లను చాలా చోట్ల నరకకుండా వదిలేయడంతో నేటికీ వాగుల పాయల్లో మోడులు నీటిపైకి నిలబడి ఉంటాయి. టెక్సాస్ రాష్ట్రంలో అతి పెద్ద లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరున్న మంచినీటి చేప), 18.18 పౌండ్లది, 1992 జనవరిలో పడింది ఇక్కడే. బాస్ వేటకు వాడే పెద్ద మోటారు బోట్లు ఈ మోడుల మధ్య, గుర్తులు పెట్టిన దారి దాటి లోపలికి రావడానికి వెనకాడతాయి. తెడ్డుతో నడిపే పన్నెండడుగుల సన్నటి పడవ కయాక్‌కు ఆ బెంగ లేదు గనుకనే నేను ఈ చెరువును ఎంచుకున్నాను.

ఈ సీజన్‌లో నా శ్రద్ధంతా పడవను ఒకచోట కదలకుండా నిలపడం మీదే పెట్టాను. ఎరల గురించి చెప్పేవాళ్లు ఎందరైనా దొరుకుతారు కానీ, గాలి తోస్తున్న కయాక్ నుంచి ఎంత మంచి ఎర విసిరినా, అది అడుగుకు చేరేలోపే దారం వదులై, చేప తాకిన సంగతి చేతికి తెలియదు. అందుకని శనివారం బయలుదేరే ముందు నేను మొదట చూసుకున్నది గాలి సూచన. తెల్లవారుజామున దక్షిణం నుంచి గంటకు 8 మైళ్లు, పదకొండు దాటాక 15 మైళ్లు అని ఉంది. రేవు నుంచి బయలుదేరగానే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే గాలికి ఎదురుగా తెడ్డు వేసి పాయ దక్షిణపు చివరకు చేరి, మధ్యాహ్నం గాలి వాలుకు తిరిగి రావాలన్నది లెక్క.

ఉదయం నీటి ఉష్ణోగ్రత 61 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. బాస్ గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లలోకి జరిగే సమయం ఇదే. మగచేప తోకతో అడుగును ఊడ్చి గూడు చేసి, గుడ్లు పొదిగాక పిల్లలకు కొన్నాళ్లు కాపలా కాస్తుంది. కొర్రమీను పిల్లల గుంపుకు కాపలా కాయడం మన చెరువుల్లో చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

లోతు మూడు నుంచి ఐదడుగులు ఉన్నచోట లంగరు కంటే ఎనిమిదడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర మేలు. చప్పుడు లేకుండా బురదలో దిగుతుంది, లాగితే వచ్చేస్తుంది. దాన్ని కట్టే విధానంలోనే అసలు విషయం ఉంది. కయాక్ పక్కన ముందు నుంచి వెనక వరకు రెండు కప్పీల మీద తిరిగే తాడు బిగించి, ఆ తాడుకున్న రింగును కర్రకు తగిలించి వెనక కొసకు జరిపితే, పడవ ముక్కు గాలి వాలుకు తిరిగి నిలుస్తుంది, ఎరను గాలితోపాటే ముందుకు విసరవచ్చు. నడుము దగ్గర, అంటే పడవ పక్కకు మాత్రం ఎప్పుడూ కట్టకూడదు. అల పక్క నుంచి కొడితే కయాక్ తిరగబడుతుంది. లోతైన, అలలున్న నీటిలో వెనక కొసకు కట్టడం కూడా ప్రమాదమే, అక్కడ ముందు కొసకే కట్టాలి.

ఎర విషయంలో కొత్తేమీ చేయలేదు. 3/16 ఔన్సుల టంగ్‌స్టన్ బరువు, 3/0 కొక్కెం, గ్రీన్ పంప్‌కిన్ రంగు ఐదంగుళాల ప్లాస్టిక్ వానపాముతో టెక్సాస్ రిగ్, అంటే కొక్కెం మొన ఎరలోనే దాగి ఉండేలా గుచ్చే పద్ధతి. దారం 15 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్. తొమ్మిదిన్నర ప్రాంతంలో, జంట మోడుల నీడ పక్కన ఎర దిగుతుండగానే దారం పక్కకు జరిగింది. కూర్చున్నవాడు గాలపు కర్రను తలపైకి ఎత్తి గుంజితే బలం రాదు. వదులు చుట్టేసి, నీటికి సమాంతరంగా పక్కకు ఊడ్చినట్టు లాగాలి. కట్టని కయాక్ అయితే చేప వైపుకే జారిపోయి, దారం మోడుకు చుట్టుకునేది. బురదలో దిగిన కర్ర పడవను పట్టి ఉంచడం వల్ల చేపే బయటి నీళ్లలోకి రావలసి వచ్చింది.

కొలబద్ద మీద 19 అంగుళాలు. పై దవడ కంటి వెనక దాకా చీలి ఉంది, పక్కన నల్లటి చార తెగిపోయి తెగిపోయి తోక దాకా సాగింది. తోక కింది అంచు తెల్లగా అరిగి, అక్కడక్కడ నెత్తురు జీరలతో ఉంది. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను తక్షణమే వదిలిపెట్టాలి. రోజుకు ఐదు తీసుకోవచ్చు, వాటిలో 24 దాటినది ఒక్కటే ఉండాలి. గూటి మీదున్న చేపను పట్టాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. తోక అరిగిన చేప దొరికితే దాన్ని వదిలేసి ఆ మోడు దగ్గరికి మళ్లీ ఎర వేయకపోవడం నా పద్ధతి. తడిచేత్తో పట్టుకుని దాన్ని అక్కడే వదిలేశాను.

తర్వాత రెండు మూడు చిన్నవి పడ్డాయి. పదకొండున్నరకు గాలి చెప్పినట్టే పెరిగింది, కర్ర వంగడం మొదలైంది, వెనుదిరిగాను. ఈ నెలలో నీళ్లింకా చల్లగానే ఉంటాయి గనుక లైఫ్ జాకెట్‌ను సీటు వెనక పెట్టకుండా ఒంటి మీదే ఉంచుకోవాలి. మోటారు లేని కయాక్‌కు టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ అక్కరలేదు, చిన్న ట్రోలింగ్ మోటారు బిగించినా కావాలి. రేవులో పడవను బోర్లించి నీరంతా వంచి, సీటు కింద, తాడు మడతల్లో సాల్వీనియా అనే నీటి కలుపు మొక్క ముక్కలేమైనా ఇరుక్కున్నాయేమో చూసి తీసేశాకే కారెక్కించాను. కర్రను విప్పడానికి ప్రస్తుతం వెనక్కి ఒరగవలసి వస్తోంది. వచ్చే వారానికి తాడు బిగించే క్లీటును కుడి మోకాలి దగ్గరికి మార్చాలి.