హార్డ్‌విక్ గోడకు సిమెంటు పనికిరాదు

సివిల్ చదివి, మన అపార్ట్‌మెంట్ సైట్లలో నాలుగేళ్లు నలిగి, ఇంగ్లండులో పాత కట్టడాల మరమ్మతు పనిలో చేరేవాళ్లు ముందుగా వదులుకోవాల్సిన నమ్మకం ఒకటుంది: మాలు (రాళ్ల మధ్య కూరే ముద్ద) ఎంత గట్టిదైతే అంత మంచిదని. అక్కడి రాతి ఇళ్లను తినేసేది ఆ నమ్మకమే. డెర్బీషైర్‌లో గుట్ట మీదున్న హార్డ్‌విక్ హాల్ లాంటి ఇంటిని చూస్తే ఎందుకో తెలుస్తుంది.

బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అని పేరుపడ్డ ష్రూస్‌బరీ కౌంటెస్ 1590లో దీన్ని మొదలుపెట్టి 1597లో కాపురానికి దిగింది. నమూనా ఆ కాలపు వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్సన్‌దని చెప్తారు. మన చార్మినార్ 1591 నాటిది, అంటే రెండూ ఒక ఈడువే. రెండింటిలోనూ రాళ్లను పట్టి ఉంచింది సున్నమే. మన మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసేవాళ్లు. ఇంగ్లండులో లోపలి పూతకు పశువుల వెంట్రుకలు కలిపేవాళ్లు.

'గోడకన్నా అద్దమే ఎక్కువ' అని హార్డ్‌విక్ మీద ఒక నానుడి ఉంది. అన్ని కిటికీలు పెట్టినా ఇల్లు నిలబడటానికి కారణం లోపలి గోడలు. పొగగొట్టాలను బయటి గోడల్లో కాకుండా లోపలి మందపు గోడల్లో కలిపేశారు, దాంతో బయటి గోడ కిటికీలకు ఖాళీ అయింది. పై అంతస్తులకు వెళ్లేకొద్దీ కప్పు ఎత్తు, కిటికీల ఎత్తు పెరుగుతాయి: కింద నౌకర్ల పని, మధ్యలో కుటుంబం, అన్నిటికన్నా పైన దర్బారు గదులు. ఆరు బురుజుల తలల మీద రాతిలో చెక్కిన ఇ, ఎస్ అక్షరాలు యజమానురాలి పేరువి: ఎలిజబెత్ ష్రూస్‌బరీ. పొదుపరి కాదు గానీ లెక్కల మనిషే!

ఇక గోడ. ఇసుకరాయి వాననీళ్లు పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. ఆ తడి బయటికి పోవాల్సింది దర్జుల్లోని, అంటే రాళ్ల మధ్య సందుల్లోని, సున్నం గుండా. దర్జులో సిమెంటు కూరితే దారి మూసుకుపోయి తడంతా రాయిలోంచే వెళ్తుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు రాతి తోలు వెనక గడ్డకడుతుంది, చలికాలంలో అదే తడి మంచై ఉబ్బుతుంది, తోలు పెచ్చులుగా రాలుతుంది. కొన్నేళ్లకు రాయి లోపలికి పోయి సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గోడల్లా పొడుచుకొస్తాయి. సూత్రం ఒకటే: మాలు ఎప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలి. అరిగితే మాలే అరగాలి, దాన్ని మళ్లీ పూయొచ్చు.

పాత దర్జును సుత్తీ, సన్న ఉలితో తీయాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి, ఆ నష్టం తిరిగిరాదు. లోతు దర్జు వెడల్పుకు రెట్టింపు, కనీసం 25 మిల్లీమీటర్లు. దుమ్ము కడిగి రాయిని తడపాలి, కానీ నీళ్లు కారుతుండగా మాలు కూరకూడదు. కొలత మామూలుగా ఒక వంతు సున్నానికి మూడు వంతుల గరుకు ఇసుక, ఎందుకంటే ఇసుక రేణువుల మధ్య ఖాళీ దాదాపు మూడో వంతు, దాన్ని నింపేది సున్నమే. బస్తా మీద ఎన్‌హెచ్‌ఎల్ (నీళ్లతో గట్టిపడే సహజ సున్నం) 2, 3.5, 5 అని ఉండే అంకెలు బలానికి గుర్తులు. రాయి పొడిపొడిగా ఉంటే 2, లేదా నానబెట్టిన సున్నపు ముద్ద. 5 చూడగానే చేయి అటే లాగుతుంది, అది పాత సిమెంటు అలవాటే.

కూరాక తాపీతో నునుపు చేయడం మన చేతి రోగం. నున్నటి పొర గాలిని అడ్డుకుంటుంది. బొటనవేలు నొక్కితే గుంట పడని దశ దాకా ఆగి, గట్టి కుంచెతో కొట్టి పైపొర గరుకు చేయాలి.

కిటికీల దగ్గర జబ్బు వేరు. చిన్న చిన్న అద్దాలను సీసపు పట్టీలతో కలిపి, రాగి తీగతో అడ్డంగా ఉన్న ఇనుప ఊచలకు కడతారు. తీగ తెగితే గాలికి పలక బొర్రలా వంగుతుంది. ఊచ రాతిలోకి దిగిన చోట తుప్పు పడితే ఎన్నో రెట్లు ఉబ్బి రాయినే చీలుస్తుంది. కప్పు మీది సీసపు రేకుకు ఎండే శత్రువు: రెండున్నర మీటర్ల రేకు 60 డిగ్రీల తేడాకు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, కదిలే సందు లేకపోతే పగులుతుంది.

ఇలాంటి సంరక్షిత భవనాన్ని దాని స్వరూపం మారేలా అనుమతి లేకుండా ముట్టుకోవడం అక్కడ నేరం. జరిమానా కంపెనీకే అనుకోవద్దు, పని చేసినవాళ్ల మీదా కేసు పెట్టొచ్చు.

సున్నం పని సాధారణంగా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. 5 డిగ్రీలకన్నా తగ్గితే తాపీ పక్కన పెట్టేయాలి. పూసిన దర్జుల మీద తడి గోనె పట్టాలు కట్టి, కొన్ని రోజులపాటు రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్లు చిలకరించాలి. శుక్రవారం సాయంత్రం పట్టా కట్టకుండా ఇంటికి పోతే, శని ఆదివారాల గాలికి పైపొర ఎండిపోయి సోమవారానికి గోరుతో గీస్తే పొడిగా రాలుతుంది. ఆ దర్జంతా ఉలితో తీసి మళ్లీ కూరాల్సిందే.