ఛత్రపూర్ నల్ల ఇసుకను విడగొట్టేదెలా

ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపూర్, గోపాల్‌పూర్ ఒడ్డున మన జాలర్లు రోజూ తొక్కే నల్ల చారల్ని భూతద్దంలో చూడండి. నిగనిగలాడే నల్ల రేణువు ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. గులాబీది గార్నెట్. తేనెరంగుది మోనజైట్.

ముందు స్పైరల్, అంటే నీళ్లు కలిపిన ఇసుక తిరుగుతూ కిందికి జారే మెలికల కాలువ. సాంద్రత 2.65 ఉన్న మామూలు ఇసుక నీళ్లతో బయటి అంచుకు పోతుంది, 4.7 ఉన్న ఇల్మనైట్ లోపలి అంచున దిగుతుంది. ఇదే ఇసుకలో ఉండే జిర్కాన్ అనే ఖనిజం, మోనజైట్ కూడా దాదాపు అంతే బరువు, కాబట్టి నీళ్ల పని అక్కడితో సరి.

తర్వాత ఆరబెట్టి హైటెన్షన్ రోలర్ మీద, అంటే ఎక్కువ వోల్టేజీతో రేణువులకు విద్యుదావేశం ఎక్కించే తిరిగే లోహపు డ్రమ్ము మీద పోస్తారు. కరెంటు పారే ఇల్మనైట్, రూటైల్ (ఇదీ టైటానియం ఆక్సైడే) విసిరినట్టు దూరంగా పడతాయి, పారని గార్నెట్, జిర్కాన్, మోనజైట్ రోలర్‌ని అంటుకుంటాయి. ఆపైన అయస్కాంతం ఇల్మనైట్‌ని లాగుతుంది, రూటైల్‌ని వదిలేస్తుంది.

అసలు చిక్కు ఉప్పుతోనే. రేణువుపై ఉప్పు పొర మిగిలితే గాలిలో తేమ పీల్చుకుంటుంది, జిర్కాన్ మీద కూడా కరెంటు పారి, అది ఇల్మనైట్ వైపు పడుతుంది. వోల్టేజీ పెంచితే లాభం లేదు. మంచినీళ్లతో బాగా కడగాలి, ఇసుక వేడి తగ్గకముందే రోలర్‌కి అందించాలి. వానాకాలంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మోనజైట్‌లో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటుంది గనక దాన్ని విడిగా, కాపలాలో నిల్వ చేస్తారు.