బావగారి రికార్డులు, మావయ్య తాళం

మైలాపూరులో మా బావగారి ఇంట్లో నెలకొక ఆదివారం సాయంత్రం నలుగురైదుగురం కూర్చుని పాత ఎల్పీ రికార్డులు వింటాం. వినేది ఎక్కువగా డెబ్బైల నాటి బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో రచన రికార్డులో ఒక వైపంతా సాగడం, నడుమ తాళాలు మారిపోవడం, చర్చి ఆర్గన్ నుంచి, టేపు మీద ఎక్కించిన వాద్యధ్వనులను పలికించే మెల్లోట్రాన్ అనే కీబోర్డు దాకా వాద్యాలన్నీ వచ్చి చేరడం ఈ సంగీతంలో మామూలే. ఇదంతా విద్వత్తా, లేక విద్వత్తును ప్రదర్శించాలన్న ఆరాటమా అన్న వాదన మా మధ్య ఏళ్ళ తరబడి నడుస్తోంది. కిందటిసారి నెల్లూరు నుంచి వచ్చిన మా మేనమామ కూడా కూర్చున్నారు. ఆయన చిన్నతనంలో మృదంగం నేర్చుకున్నారు, రాక్ సంగీతం మాత్రం శ్రద్ధగా విన్నది లేదు.

ముందు పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘మనీ’ పెట్టాం. నాణేల చప్పుడు వెనకే బేస్ గిటార్ అందుకోగానే మావయ్య చెయ్యి తొడ మీద కదిలింది. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని రెండు ఆవర్తనాలు వేసి, “మిశ్రచాపు కదా నాయనా!” అన్నారు. శాక్సఫోన్ వాయించినంతసేపూ ఆ ఏడు దెబ్బల తాళం ఆయన చేతిలో చక్కగా నిలిచింది. గిటార్ సోలో మొదలైన చోట దెబ్బ తప్పింది. ఆయన ఒక్క క్షణం చెయ్యి పైకెత్తి ఆగి, విని, నాలుగు వెయ్యడం మొదలుపెట్టి, “ఇక్కడ తాళం మార్చారు, ఎందుకు మార్చారో కూడా తెలుస్తోంది, ఆ గిటార్‌కి పరిగెత్తడానికి చోటు కావాలి” అన్నారు. నేను ఆ పాటను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను గాని, ఆ మార్పు ఎందుకన్నది ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

తరవాత కింగ్ క్రిమ్సన్ బృందం 1974లో తెచ్చిన ‘రెడ్’ రికార్డులోని ‘స్టార్‌లెస్’ విన్నాం. పన్నెండు నిమిషాల రచన అది. నాలుగు నిమిషాల పైచిలుకు పాట అయ్యాక బేస్ గిటార్ పదమూడు దెబ్బల ఆవర్తనంలో ఒక చిన్న వరసను పట్టుకుంటుంది. దాని మీద గిటార్ ఒక్కో స్వరాన్నే పదే పదే మీటుతూ, తొందరపడకుండా పైపైకి జరుగుతుంది. మావయ్య దాన్ని నాలుగు, నాలుగు, ఐదుగా విడదీసుకుని లెక్క వేసుకున్నారు. వేగం రెట్టింపయినప్పుడు “రెండో కాలం” అని మెల్లగా అని కళ్ళు మూసుకున్నారు. చివర్లో, పాట మొదట విన్న ఆ దిగులు వరస తిరిగి వచ్చేసరికి ఆయన చెయ్యి కదలడం మానేసింది. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో ముక్తాయింపు అయి పల్లవి ఎత్తుగడ అందుకున్నప్పుడు సభలో ఎలాంటి ఊరట కలుగుతుందో, ఆ గదిలో అదే కలిగింది.

అసలు తగవు ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ దగ్గర వచ్చింది. యెస్ బృందం 1973 చివర్లో తెచ్చిన ఈ జంట రికార్డులో వైపుకొకటి చొప్పున నాలుగే రచనలున్నాయి. పరమహంస యోగానంద ఆత్మకథలో పుట అడుగున ఉన్న ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) చదివి గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ఈ ఆలోచన కలిగింది. కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్‌కే ఇది రుచించలేదు, 1974లో ఆయన బృందాన్ని విడిచారు. సాగతీత అని దీన్ని తప్పుపట్టే వారెందరో ఉన్నారు, వారిలో నేనూ ఉన్నాను. బావగారికి మాత్రం ప్రోగ్ రాక్‌లో దీన్ని మించినది లేదు. “కచేరీలో ఒక్క పంక్తి తీసుకుని, దాన్నే రకరకాలుగా అల్లుతూ అరగంట నెరవల్ పాడితే తల ఊపుతారు, వీళ్ళు ఇరవై నిమిషాలు వాయిస్తే సాగతీత అంటారా?” అని ఆయన అడిగారు.

ప్రశ్న న్యాయమైనదే. నేను ఆలోచించి చెప్పిన జవాబు ఇది: నెరవల్‌లో గాయకుడు ఎంత దూరం పోయినా పంక్తి మన నోట్లోనే ఉంటుంది, తాళం మన చేతిలో ఉంటుంది, కాబట్టి ఆయన ఎక్కడున్నాడో మనకు తెలుస్తూనే ఉంటుంది. అదే యెస్ బృందం అంతకు ముందు ఏడాది, 1972లో, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ చేసినప్పుడు వినేవాడికి ఆ పట్టు ఇచ్చింది. పద్దెనిమిది నిమిషాల పైన సాగే ఆ రచన పక్షుల కూతలతో, నీటి చప్పుడుతో మొదలై, అక్కడికే తిరిగి వస్తుంది. దారిలో పల్లవి లాంటి మాట ఒకటి మళ్ళీ మళ్ళీ పలకరిస్తుంది. లండన్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలో రికార్డు చేసిన ఆర్గన్ ఒక్కసారిగా లేచినప్పుడు, అంతవరకూ విన్నదంతా దానికోసమేనని అనిపిస్తుంది. ‘టేల్స్’ రెండో వైపున, మూడో వైపున నాకు అలాంటి పట్టు దొరకదు. లెక్క కష్టమైనందుకు నేను ఏ రచననూ తక్కువ చెయ్యను, స్టార్‌లెస్‌లో పదమూడు కన్నా కష్టమేముంది? దారిలో నన్ను వదిలేసి పోతేనే బాధ.

బావగారు ఒప్పుకోలేదు. వెళ్ళేటప్పుడు రికార్డు నా చేతిలో పెట్టి, మూడో వైపు మూడుసార్లు విని రమ్మన్నారు.

విన్నాను. మొదటి పన్నెండు నిమిషాల స్టీల్ గిటార్, డప్పుల హోరు నన్ను ఇప్పటికీ దగ్గరకు రానివ్వలేదు. కాని ఆ హోరు అణిగాక యెస్ గిటారిస్టు స్టీవ్ హౌ ఒంటరిగా మీటే క్లాసికల్ గిటార్, దాని మీద మెత్తగా అందుకునే పాట ఉన్నాయే, వాటిని ఇన్నేళ్ళూ సరిగ్గా వినలేదని ఒప్పుకోక తప్పదు. మూడోసారి వింటున్నప్పుడు అక్కడికి రాగానే సూది ఎత్తి వెనక్కి పెట్టి, ఆ భాగం ఒక్కటే మళ్ళీ విన్నాను. వచ్చే ఆదివారం బావగారికి ఈ సంగతి చెప్పాలి, ముందున్న పన్నెండు నిమిషాల మాట కూడా చెప్పాలి.