అమ్మ గ్లాసు అడుగున ఎర్ర చుక్క

ఆ చుక్క పెట్టింది నేనే. అమ్మకి టీబీ అన్న రోజు సాయంత్రం ఒక స్టీలు గ్లాసు తీసి, మిగతావాటిలో కలిసిపోకుండా అడుగున నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. కంచం వేరు చేశాం. మంచం వసారాలోకి మార్చాం. మూడేళ్ళ మా బాబుని అటు పోనివ్వలేదు. ఇలా ఐదు నెలలు.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. దసరా వెళ్ళాక అమ్మకి దగ్గు పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్పులతో నెల గడిచింది. టౌన్లో ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తి పైన మచ్చ కనబడింది. కళ్ళె పరీక్షలో రెండుసార్లూ క్రిములు లేవు, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. కళ్ళెలో దొరకనంత మాత్రాన టీబీ లేదని కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి, మచ్చ చూడగానే ఏ డాక్టరు మనసైనా అటే పోతుంది. ఆ మొదటి అనుమానం మీద నాకు కోపం లేదు. రెండు నెలలు నాలుగు రకాల మందులు మింగాక కూడా దగ్గు తగ్గలేదు, రెండో ఎక్స్‌రేలో మచ్చ ఇంకాస్త పెద్దదైంది. "టైం పడుతుందమ్మా, కోర్సు పూర్తి చెయ్యండి" అన్నారు. నా కడుపు మండేది అక్కడే. ఆ రోజు సీటీ స్కాన్ రాసి ఉంటే!

నాలుగో నెలలో అమ్మ గొంతు బొంగురుపోయింది. అరుపులకని మేం అనుకున్నాం, అమ్మ ఆవుని కేకేస్తే వీధి చివరికి వినిపించేది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, ఎడమ స్వరతంత్రి కదలడం లేదని, దాని నరం ఛాతీలోంచి వస్తుందని, వెంటనే ఛాతీ సీటీ తీయించమని చెప్పారు. తర్వాత విశాఖలో సూదితో ముక్క తీశారు. అడినోకార్సినోమా, అంటే ఊపిరితిత్తి క్యాన్సర్లో ఒక రకం. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలోనూ క్యాన్సర్ కణాలున్నాయి. అంటే నాలుగో స్టేజి, ఆపరేషన్ కుదరదు.

"పొగ తాగుతారా?" అని అడిగారు. అమ్మ చుట్ట ముట్టి ఎరగదు. కానీ నాన్న ముప్పై ఏళ్ళు అదే గదిలో చుట్ట కాల్చాడు. గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యి. బెల్లం వండే రోజుల్లో పెనం కింద చెరుకు పిప్పి ఎగదోస్తూ, తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆ కొంగు ఉతికితే నీళ్ళు నల్లగా దిగేవి, నాకు బాగా గుర్తు. పొగ తాగే భర్తల భార్యలకి ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని జపాన్‌లో హిరయామా అనే ఆయన 1981లోనే చూపించారట. అమ్మకి ఏ పొగ వల్ల వచ్చిందో ఎవరూ తేల్చి చెప్పలేరన్నారు డాక్టరు.

కణితి ముక్కలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారిందేమోనని పరీక్ష కూడా చేశారు. పొగ తాగని ఆసియా ఆడవాళ్ళలో ఆ జన్యు మార్పు ఎక్కువట, అమ్మకీ ఉంది. అందుకని కీమో కాకుండా రోజుకో మాత్ర ఇచ్చారు. మొహం మీద పొక్కులొచ్చాయి, విరేచనాలయ్యాయి, కానీ మూడు వారాల్లో దగ్గు సగానికి తగ్గింది. ఈ మాత్ర కూడా ఎప్పటికీ పనిచెయ్యదని మాకు చెప్పారు. అమ్మకి ఆ మాట చెప్పలేదు.

రిపోర్టు వచ్చిన రోజు క్యాన్సర్ అన్న మాట అమ్మ విన్నదో లేదో తెలీదు. "అయితే అంటుకునేది కాదేటి?" అంది. కాదన్నాను. టీబీ అయినా గ్లాసుల వల్ల అంటదని, మందు పడుతుంటే కొన్ని వారాలకే అంటించే గుణం పోతుందని అప్పటికి నాకు తెలిసింది. అది నోరు విప్పి చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక అమ్మ వసారాలో కూర్చుని గ్లాసు బోర్లించి, ఆ చుక్కని గోటితో గీకుతోంది. బాబు దగ్గరికెళ్ళి ఏం చేస్తున్నావని అడిగాడు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, గ్లాసు వాడి చేతికిచ్చింది. మిగిలింది వాడు గీకాడు.