సున్నా శాంపిళ్ళు

పడుకుందామంటే ఆ షీటే బుర్రలో తిరుగుతోంది. నెలాఖరు కదా, మెషిన్ వాడకం లెక్క పంపమన్నారు. అందులో ‘నడిపిన శాంపిళ్ళు’ అని ఒక గడి. ఈ వారమంతా పొద్దస్తమానం, సముద్రపు నీళ్ళలో ఇనుము ఎంతుందో కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందే కూర్చున్నాను. ఆ గడిలో వేయాల్సిన అంకె మాత్రం సున్నా.

నడిపినవన్నీ బ్లాంకులే మరి. సముద్రపు నీళ్ళు తప్ప మిగతా తతంగమంతా మామూలే: అదే యాసిడ్, అదే సీసా, అదే రెజిన్. చివర్న కనిపించే ఇనుమంతా మనం తగిలించినదే, సముద్రానిది కాదు. మా ఆయనకి చెప్తే, “ఎంతో కొంత వేసి పంపెయ్, ఎవరు చూస్తారు?” అన్నారు.

నడిసముద్రంలో పైనీళ్ళు తీసుకుంటే, చాలాచోట్ల లీటరుకి 5, 6 నానోగ్రాముల ఇనుము కూడా ఉండదు. అదే లీటరులో ఉప్పేమో 35 గ్రాములు! రెజిన్ మీద ఇనుముని పట్టి ఉంచి, ఉప్పుని కడిగేసి, ఆ పట్టిందాన్ని కాస్త యాసిడ్‌తో దింపుకోవాలి. అంతా అయ్యి మెషిన్‌లోకి వెళ్ళాక ఇంకో పేచీ. మెషిన్ పరమాణువుల్ని పోల్చుకునేది బరువుని బట్టి. శాంపిల్‌ని విడగొట్టే మంటలాంటి ప్లాస్మా వెలిగేదేమో ఆర్గాన్ వాయువుతో. ఆర్గాన్ 40, ఆక్సిజన్ 16 జతకడితే 56. ఇనుము కూడా 56. దశాంశాల్లోకి వెళ్తే ఇనుము 55.935, ఆ జంట 55.957. రిజల్యూషన్, అంటే దగ్గరి బరువుల్ని విడదీసి చూపే శక్తి, పెంచితే స్క్రీన్ మీద ఒక్కటిగా ఉన్న గుట్ట రెండు పీకులుగా చీలుతుంది, ఎడమవైపుది మనది. కానీ పెంచినకొద్దీ సిగ్నల్ పడిపోతుంది. అసలే ఉన్నది చిటికెడు కూడా కాదు!

మొదటిసారి ఓడ ఎక్కినప్పుడు ఇవేవీ నా బుర్రకెక్కలేదు. ఇనుము కొలవడానికి ఇనప ఓడలో వెళ్ళడమేమిటో అని నవ్వుకున్నానంతే. నీళ్ళు పట్టే సీసాల చట్రం టైటానియంది, దాన్ని దించేది మామూలు ఇనప తాడు కాదు. శాంపిల్ నింపుకునే సీసా రెండు సంచుల్లో ఉంటుంది, అది విప్పడానికి ఇద్దరు కావాలి. పై సంచీ ముట్టుకునే మనిషి లోపలి సంచీ ముట్టుకోకూడదు. నాది పై సంచీ డ్యూటీ. అర్ధరాత్రి, కడుపులో తిప్పుతోంది, గ్లవుజుల్లో చేతులు నానిపోయాయి. మా సీనియర్ నా వంక ఒకసారి చూసి, “బయటికెళ్ళు” అంది. భుజం మీద తుప్పు పెచ్చు, గోరు చివరంత కూడా లేదు. డెక్ మీద రెయిలింగ్ కింద నుంచి వచ్చినప్పుడు పడినట్టుంది. బట్టలు మార్చుకుని వచ్చేదాకా ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. ఇంత రాద్ధాంతమా అని ఆ రాత్రంతా కుతకుతలాడిపోయాను. తర్వాత ఎప్పుడో లెక్క వేశాను. ఒక్క మిల్లీగ్రాము తుప్పులో ఉండే ఇనుము, ఆ నడిసముద్రపు పైనీళ్ళు లక్ష లీటర్లు తోడినా రాదు. అయినా ఆవిడ కాస్త మెల్లిగా చెప్పి ఉండొచ్చు, అది వేరే సంగతి.

ఇవాళ మధ్యాహ్నం కొత్త యాసిడ్ సీసా తెరిచాక బ్లాంక్‌లో కనిపించే ఇనుము ఒక్కసారిగా దిగింది. ఎగిరి గంతేశాను. పక్కన ఎవరూ లేరు లెండి.

ఆ ఊపులోనే బ్లాంకులకీ ఒక గడి పెట్టమని ఘాటుగా మెయిల్ మొదలుపెట్టాను. క్లెయిర్ ప్యాటర్సన్‌నీ లాక్కొచ్చాను. ఉల్కల్లో సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చినాయన. శాంపిల్‌లో ఉన్న సీసం కన్నా గాల్లోంచి, చేతుల్లోంచి వచ్చి పడే సీసం ఎక్కువవుతోందని ల్యాబునే కడిగి కడిగి పెట్టుకున్నాడు. ఆ తర్వాతే సముద్రంలో లోతు నీళ్ళకన్నా పైనీళ్ళలో సీసం ఎక్కువుందని కనిపించింది. పైనుంచి పడుతోందన్నమాట, అప్పట్లో సీసం కలిపి అమ్మిన పెట్రోలు పొగలోంచి. బ్లాంక్ కుదరకపోతే ఆ తేడా ఎక్కడ కనబడేది?

సగం రాశాక చెయ్యి ఆగిపోయింది. గడంటూ ఉంటే దాన్ని నింపేవాళ్ళూ ఉంటారు. నెలకిన్ని బ్లాంకులని టార్గెట్ పెడతారు, మేం టకటకా నడిపి అంకె వేస్తాం, అందులో ఎంత ఇనుముందో ఎవడూ చూడడు. ఆ మాటకొస్తే పాతకాలంలో అంకెలకేం కొదవ? 1970ల మధ్య దాకా సముద్రంలో లోహాల మీద అచ్చయిన పట్టికలు చూస్తే ఒక్క గడీ ఖాళీ ఉండదు. వాటిలో చాలావరకు కొలిచినవాళ్ళ సీసాల మురికే అని తర్వాత తేలింది. మెయిల్ చెరిపేశాను. సున్నా వేసే పంపించాను, కింద ‘రిమార్కులు’ దగ్గర మాత్రం “బ్లాంక్ దిగింది” అని రాశాను. వాళ్ళకి అర్థం కాదు, తెలుసు. కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఆర్గాన్ కూడా అడుగంటింది. పొద్దున్నే సిలిండర్ల వాళ్ళకి ఫోన్ చేయాలి. శుక్రవారం లోపు రాకపోతే వచ్చే నెలా ఇదే అంకె.